అనలాగ్ ఏఐ చిప్‌ల పరిశోధన: నాలుగు దారుల్లో మీకు తగినది ఏది?

అనలాగ్ సర్క్యూట్ల డిజైన్‌లో నాలుగైదేళ్లు పనిచేసినవారికి, పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నవారికి ఈ మధ్య ఒక తరహా ఉద్యోగ ప్రకటన తరచుగా కనిపిస్తోంది. తక్కువ విద్యుత్తుతో నడిచే ఏఐ హార్డ్‌వేర్ కోసం అనలాగ్ సర్క్యూట్లు (0, 1 అంకెలతో కాక వోల్టేజీ, కరెంట్ల పరిమాణంతోనే లెక్కచేసేవి) రూపొందించే పరిశోధకులు కావాలని దాని సారాంశం. విశ్వవిద్యాలయం వేసినా, పెద్ద కంపెనీ పరిశోధనశాల వేసినా, పాతికమందితో నడుస్తున్న స్టార్టప్ వేసినా ప్రకటనలోని మాటలు దాదాపు ఒకటే. ఆ మాటల వెనక ఉన్న రోజువారీ పని మాత్రం ఒకటి కాదు, మూడేళ్ల తర్వాత మీ చేతిలో మిగిలే విద్య అంతకన్నా ఒకటి కాదు.

జీతం, ఊరు, వీసా, సంస్థ పేరు లెక్కలోకి రావలసినవే. అయితే ఈ రంగంలో వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయని నా గట్టి నమ్మకం. అనలాగ్ లెక్క ముగిసి అంకెగా మారే చోట ఉండే ఏడీసీని (అనలాగ్-డిజిటల్ కన్వర్టర్‌ను) డిజైన్ చేసేది ఎవరు? ఫౌండ్రీ (చిప్‌లు తయారుచేసే కర్మాగారం) నుంచి చిప్ తిరిగి వచ్చాక బెంచి ముందు కూర్చుని దాన్ని కొలిచేది ఎవరు? ఈ రెండింటికీ జవాబు "మీరే" అయిన చోటు, జీతం కొంత తక్కువైనా, పరిశోధకుడిగా మిమ్మల్ని నిలబెడుతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు సమస్య ఎక్కడుందో చూడాలి.

ఖర్చంతా ఎక్కడ అవుతోంది

2014లో చిప్ డిజైనర్ల అంతర్జాతీయ సమావేశం ఐఎస్‌ఎస్‌సీసీలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు మార్క్ హోరోవిట్జ్ చూపిన అంకెలను ఈ రంగంలోని వారు ఇప్పటికీ ఉదహరిస్తారు. 45 నానోమీటర్ల టెక్నాలజీలో రెండు 8 బిట్ల సంఖ్యలను గుణించడానికి సుమారు 0.2 పికోజౌల్ (పికోజౌల్ అంటే జౌల్‌లో లక్ష కోట్లవ వంతు), కూడడానికి 0.03 పికోజౌల్ సరిపోతుంది. చిప్ బయట ఉన్న డీర్యామ్ మెమరీ నుంచి 64 బిట్లు తెచ్చుకోవడానికి మాత్రం 1,300 నుంచి 2,600 పికోజౌళ్లు పడుతుంది. ఒక్కో 8 బిట్ల సంఖ్య వాటాకు కనీసం 160 పికోజౌళ్లు. వంటకయ్యే గ్యాసు కన్నా సరుకులు తెచ్చిన ఆటో కిరాయి వందల రెట్లు ఎక్కువైన ఇల్లు ఇది.

న్యూరల్ నెట్‌వర్క్‌లో జరిగే పనిలో సింహభాగం గుణించడం, కూడడం. వెయిట్లను (శిక్షణలో నెట్‌వర్క్ నేర్చుకున్న సంఖ్యలను) మెమరీలోంచి కదల్చకుండా ఉన్నచోటనే గుణించి కూడగలిగితే ఆ కిరాయి చాలావరకు తప్పుతుంది. వెయిట్‌ను కండక్టెన్స్‌గా (కరెంటును పోనిచ్చే గుణంగా) నిలిపి, ఇన్‌పుట్‌ను వోల్టేజీగా ఇస్తే, ఓమ్ సూత్రం ప్రకారం ప్రవహించే కరెంటే లబ్ధం. ఒకే తీగ మీదికి వచ్చిన కరెంట్లు కిర్కాఫ్ సూత్రం ప్రకారం వాటంతటవే కూడుకుంటాయి. ఇది కొత్త ఆలోచన కాదు. కాల్‌టెక్‌లో కార్వర్ మీడ్ 1980లలోనే ఈ దారి వేశారు; 1989లో ఇంటెల్ 64 న్యూరాన్లు, 10,240 సినాప్స్‌లు ఉన్న ఈటాన్ అనే అనలాగ్ చిప్‌ను ప్రకటించింది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్ ఏటికేడాది చిన్నదవుతూ డిజిటల్ లెక్కను చవక చేయడంతో ఈ ఆలోచన పక్కకు జరిగింది. లెక్క కన్నా డేటాను మోయడమే భారమైన ఈ కాలంలో మళ్లీ ముందుకు వచ్చింది.

అయితే ఆ కూడిక ఫలితం మళ్లీ అంకెగా మారాలి. 256 వరుసల అర్రేలో (వరుసలు, కాలమ్‌లుగా పేర్చిన సెల్‌ల గుంపులో) 8 బిట్ల ఇన్‌పుట్‌ను 8 బిట్ల వెయిట్‌తో గుణిస్తే ఒక్కో లబ్ధానికి 16 బిట్లు, 256 లబ్ధాలను కూడితే మొత్తానికి 24 బిట్లు కావాలి. అంత సూక్ష్మంగా, అంత వేగంగా, అంత తక్కువ శక్తితో కొలిచే ఏడీసీ లేదు. కాబట్టి ఏ 8 బిట్లను ఉంచుకోవాలో, ఏవి వదిలేయాలో నిర్ణయించుకోవాలి. థర్మల్ నాయిస్ (వేడి వల్ల పుట్టే విద్యుత్ రొద) పరిమితిలో పనిచేసే కన్వర్టర్‌లో ఒక్క బిట్ పెంచితే శక్తి సుమారు నాలుగింతలవుతుంది. ఉదాహరణకు ఒక కన్వర్షన్‌కు 2 పికోజౌళ్లు పట్టిందనుకుందాం. 256 వరుసలైతే ఒక్కో గుణకారం మీద పడే భారం 8 ఫెమ్టోజౌళ్లు (ఫెమ్టోజౌల్ అంటే పికోజౌల్‌లో వెయ్యోవంతు); 64 వరుసలైతే 31. వరుసలు పెంచితే భారం పంచుకుపోతుంది, కానీ అదే వోల్టేజీ పరిధిలో ఎక్కువ మెట్లు ఇమడాలి గనుక మెట్టు ఎత్తు తగ్గి నాయిస్‌లో కలిసిపోతుంది. ఈ పెనుగులాటే ఈ ఉద్యోగంలోని అసలు పరిశోధన. ఏడీసీని మరో బృందానికి వదిలేసి మీకు అర్రేను మాత్రమే అప్పగిస్తే, కథలో సగం మీ కంటికి కనిపించదు.

ప్రకటనల్లో కనిపించే "వాట్‌కు ఇన్ని టాప్స్" (సెకనుకు ఎన్ని లక్ష కోట్ల లెక్కలు) అనే అంకెను కూడా ఈ దృష్టితోనే చదవాలి. పరిశోధనా పత్రాల్లో వందల్లో, వేలల్లో ఉండే అంకెలు చాలాసార్లు ఒక చిన్న మాక్రోకు (చిప్‌లోని ఒక భాగానికి), ఒకటి రెండు బిట్ల లెక్కకు సంబంధించినవి. క్లాక్, ఇన్‌పుట్ డ్రైవర్లు, బయటి మెమరీ అందులో కలవవు. 2023లో ఐబీఎం పరిశోధకులు 3.5 కోట్ల ఫేజ్-చేంజ్ మెమరీ (పదార్థం స్థితిని మార్చి విలువను దాచే మెమరీ) పరికరాలతో 14 నానోమీటర్లలో చేసిన చిప్‌కు నేచర్ పత్రికలో ప్రకటించిన అంకె 12.4. వినడానికి చిన్నదిగా అనిపించినా అది చిప్ మొత్తానికి కట్టిన లెక్క కాబట్టి నాకు దాని మీదే గౌరవం ఎక్కువ. ఇంటర్వ్యూలో వారి అంకెలో ఏమేం కలిసి ఉన్నాయో అడగండి. వెంటనే, తడబాటు లేకుండా చెప్పే బృందం తన చిప్‌ను తాను నిజాయితీగా కొలుచుకున్న బృందం.

మూడు రకాల సర్క్యూట్లు, మూడు రకాల విద్యలు

సంస్థలను పోల్చేముందు ఆ సంస్థలు నమ్ముకున్న సర్క్యూట్ పద్ధతులను పోల్చాలి. స్థూలంగా మూడున్నాయి.

మొదటిది చార్జ్ పద్ధతి. వెయిట్ మామూలు ఎస్‌ర్యామ్ మెమరీ సెల్‌లో బిట్లుగా ఉంటుంది. దాని పైన లోహపు పొరలతో చేసిన చిన్న కెపాసిటర్ లబ్ధాన్ని చార్జ్‌గా పట్టుకుంటుంది. కాలమ్‌లోని కెపాసిటర్లన్నీ ఒకే తీగకు కలిసినప్పుడు చార్జ్ పంచుకుని సగటు తేలుతుంది. లోహపు కెపాసిటర్ విలువ దాని కొలతల మీద ఆధారపడుతుంది గనుక పక్కపక్కనున్నవి ఒకదానికొకటి బాగా సరిపోలుతాయి, వేడికి పెద్దగా మారవు. ఒక ఫెమ్టోఫారడ్ కెపాసిటర్ మీద గది ఉష్ణోగ్రతలో థర్మల్ నాయిస్ సుమారు 2 మిల్లీవోల్టులుంటుంది. అలాంటివి 256 కలిసిన తీగ మీద అది 0.13 మిల్లీవోల్టుకు దిగుతుంది. 0.8 వోల్టుల పరిధిని 256 మెట్లుగా విడదీస్తే మెట్టు 3 మిల్లీవోల్టుల పైచిలుకు కాబట్టి లెక్క సౌకర్యంగానే కుదురుతుంది. ప్రిన్స్‌టన్‌లో నవీన్ వర్మ బృందం ఈ దారిని ఏళ్ల తరబడి సాగు చేసింది. 2022లో మొదలైన ఎన్‌చార్జ్ ఏఐ అనే సంస్థ అక్కడి నుంచి పుట్టిందే. ఈ పద్ధతిలో పనిచేసినవారికి స్విచ్డ్-కెపాసిటర్ సర్క్యూట్లు, సార్ ఏడీసీలు (ఒక్కో బిట్‌నే వరుసగా తేల్చే కన్వర్టర్లు) చేతికి వస్తాయి. ఏఐ హడావిడి రేపు తగ్గినా, ఆ విద్యకు సెన్సార్లలో, వైద్య పరికరాల్లో, కమ్యూనికేషన్ చిప్‌లలో గిరాకీ తగ్గదు. భవిష్యత్తు గురించి బెంగ ఉన్నవారికి నేను మొదట సూచించేది ఈ పద్ధతినే.

రెండోది, కరెంట్ పోయినా చెరిగిపోని మెమరీ పరికరాలలో వెయిట్‌ను నేరుగా కండక్టెన్స్‌గా దాచే పద్ధతి. ఫ్లాష్, ఫేజ్-చేంజ్, రెసిస్టివ్ ర్యామ్ ఈ కోవలోకి వస్తాయి. సాంద్రత దీని బలం. పరికరం మొండితనం దీని బలహీనత. ఫేజ్-చేంజ్ మెమరీలో రాసిన కండక్టెన్స్ కాలంతో పాటు మెల్లమెల్లగా జారిపోతుంది. మీరు సోమవారం రాసిన వెయిట్ శుక్రవారం నాటికి అదే విలువలో ఉండదు. కాబట్టి ఇక్కడ సర్క్యూట్ డిజైనర్ పనిలో సగం, మళ్లీ మళ్లీ సరిదిద్దే ఏర్పాట్లు చేయడం, ఈ జారుడుకు తట్టుకునేలా నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చే వారితో కూర్చుని మాట్లాడటం. పరికర భౌతికశాస్త్రం, అల్గారిథం రెండూ ఇష్టమైనవారికి ఇంతకన్నా మంచి చోటు లేదు. 2022లో యూసీ శాండియేగో, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 48 కోర్లు, సుమారు 30 లక్షల రెసిస్టివ్ పరికరాలతో చేసిన న్యూర్‌ర్యామ్ చిప్, 2024లో బెంగళూరులోని ఐఐఎస్‌సీ బృందం ప్రకటించిన 16,520 స్థితుల మాలిక్యులర్ మెమ్రిస్టర్ (అణువులతో చేసిన, తన రెసిస్టెన్స్‌ను గుర్తుంచుకునే పరికరం) ఈ దిశలో పెద్ద అడుగులు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ఆ పరికరాన్ని తయారుచేసే ఫ్యాబ్ ఆ సంస్థకు అందుబాటులో ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. ఫ్యాబ్ సౌకర్యం చేజారితే మూడేళ్ల పని కాగితం మీదే ఆగిపోతుంది.

మూడోది, ట్రాన్సిస్టర్‌ను త్రెషోల్డ్‌కు (అది పూర్తిగా తెరుచుకునే వోల్టేజీకి) దిగువన, నానోఆంపియర్ల కరెంట్లతో నడిపే పద్ధతి. కార్వర్ మీడ్ నాటిన మొక్క ఇది. జ్యూరిక్‌లోని న్యూరోఇన్ఫర్మాటిక్స్ సంస్థ స్పైకింగ్ న్యూరాన్ల (మెదడులోలా చిన్న పల్స్‌లతో మాట్లాడుకునే న్యూరాన్ల) చిప్‌లను ఈ సంప్రదాయంలోనే చేస్తోంది. ఐఐఎస్‌సీలో చేతన్ సింగ్ ఠాకూర్ బృందం 2022లో ప్రకటించిన ఆర్యభట్-1 ఈ ప్రాంతంలోని ఒక పాత చిక్కును ఎదుర్కొంటుంది: అనలాగ్ సర్క్యూట్‌ను ఒక టెక్నాలజీ నుంచి మరో టెక్నాలజీకి మార్చాలంటే దాదాపు మొదటి నుంచి డిజైన్ చేయాలి. బయాస్‌ను (సర్క్యూట్‌కు ఇచ్చే స్థిర వోల్టేజీ, కరెంట్లను), టెక్నాలజీ నోడ్‌ను (తయారీ తరాన్ని) మార్చినా పనిచేసే సర్క్యూట్ చట్రం ఉండాలన్నది వారి ప్రయత్నం. ఈ పద్ధతిలో శక్తి ఖర్చు అతి తక్కువ, సున్నితత్వం అతి ఎక్కువ. కరెంటు వోల్టేజీకి ఘాతీయంగా మారుతుంది కాబట్టి ట్రాన్సిస్టర్ల మధ్య చిన్న తేడా కూడా పెద్దదై కనిపిస్తుంది. పరిశోధకుడు పెల్‌గ్రోమ్ 1989లో చూపినట్టు ఆ తేడాను సగం చేయాలంటే వైశాల్యం నాలుగింతలు కావాలి.

బెంచి ముందు

ఈ సున్నితత్వం ఎంతటిదో నాకు మొదటి చిప్ నేర్పింది. అది 65 నానోమీటర్లలో 64 కాలమ్‌ల చిన్న అర్రే, త్రెషోల్డ్ దిగువన నడిచేది. సిమ్యులేషన్‌లో కాలమ్‌లన్నీ ఒక్కలా ఉన్నాయి. పన్నెండు చిప్‌లు తిరిగి వచ్చాయి. మొదటిదాన్ని సాకెట్‌లో పెట్టి కొలిస్తే నలభయ్యో కాలమ్ నుంచి ఫలితాలు కుడివైపుకు వాలుగా పడిపోతూ వచ్చాయి. ట్రాన్సిస్టర్ల తేడా అయి ఉంటుందనుకుని రెండో చిప్ పెట్టాను, మూడోది పెట్టాను. అన్నింటిలోనూ అదే వాలు. యాదృచ్ఛికమైన తేడా పన్నెండు చిప్‌లలో ఒకే ఆకారంలో రాదు. పది రోజులు టెస్ట్ బోర్డును, కొలిచే కోడ్‌ను అనుమానించాను. ఒక మధ్యాహ్నం చిప్ వేడెక్కుతోందేమోనని ప్యాకేజీ మీద వేలు ఆనిస్తే, తెర మీది గ్రాఫ్ మొత్తం ఒక్కసారిగా పైకి లేచింది; వేలు తీస్తే నెమ్మదిగా దిగింది. నా ఒంటి వేడికి అన్ని కాలమ్‌లూ కదిలాయి గానీ వాలు అలాగే ఉంది. అప్పుడు ఏడీసీల క్లాక్ వేగాన్ని సగానికి తగ్గించాను. వాలు కూడా దాదాపు సగమైంది.

ఏడీసీల కరెంటు, అర్రే కరెంటు ఒకే గ్రౌండ్ తీగ మీదుగా వెళ్తున్నాయి. ఆ తీగ చివర గ్రౌండ్ 5 మిల్లీవోల్టులు లేచింది. త్రెషోల్డ్ దిగువన సోర్స్ వోల్టేజీ 5 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు సుమారు 18 శాతం తగ్గుతుంది. అర్రేను, ఏడీసీలను విడివిడిగా సిమ్యులేట్ చేసిన మాకు అది కనిపించే అవకాశమే లేదు. విడిగా ఒక గ్రౌండ్ పట్టీ వేస్తే సరిపోయేది. రెండో టేపవుట్‌లో (డిజైన్‌ను తయారీకి పంపినప్పుడు) వేశాం కూడా. అయితే ఆ చిప్ తిరిగి వచ్చేనాటికి నా ఒప్పందం ముగిసింది, దాన్ని వేరొకరు కొలిచారు. సరిదిద్దిన చిప్‌ను నేను చూడలేకపోయానన్న వెలితి ఇప్పటికీ ఉంది. ఉద్యోగంలో చేరేముందు టేపవుట్లను వేళ్ల మీద లెక్కపెట్టుకోమని నేను పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

నాలుగు చోట్లు

విశ్వవిద్యాలయంలో మీ చిప్ మీదే. ఆర్కిటెక్చర్ ఆలోచన నుంచి లేఅవుట్ దాకా, టెస్ట్ బోర్డు టంకం దాకా అన్నీ మీ చేతి మీదుగా వెళ్తాయి. నేను మొదట అడగమన్న రెండు ప్రశ్నలకూ ఇక్కడే ఎక్కువగా అనుకూలమైన జవాబు వస్తుంది. యూరప్‌లోని విశ్వవిద్యాలయాలకు యూరోప్రాక్టీస్ ద్వారా ఫౌండ్రీల్లో ఇతరులతో కలిసి సిలికాన్ పంచుకునే వీలుంది కాబట్టి టేపవుట్ ఖర్చు భరించగలిగేలా ఉంటుంది. హైడెల్‌బర్గ్‌లో బ్రెయిన్‌స్కేల్స్ బృందం జీవ న్యూరాన్ల కన్నా వెయ్యి రెట్లు వేగంగా నడిచే అనలాగ్ న్యూరాన్లను ఇలా తరం తర్వాత తరంగా నిర్మించింది.

లోపం కాలపరిమితిలో ఉంది. పోస్ట్‌డాక్ ఒప్పందాలు సాధారణంగా రెండు మూడేళ్లకు మించవు. డిజైన్‌కు ఎనిమిది, తొమ్మిది నెలలు, చిప్ తిరిగి రావడానికి మరో మూడు నుంచి ఆరు నెలలు, కొలతలకు నాలుగు నెలలు వేసుకుంటే రెండేళ్లలో ఒక టేపవుట్ నిండుగా, రెండోది సగంలో పడుతుంది. జర్మనీలో డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు మాత్రమే ఇలాంటి తాత్కాలిక పరిశోధనా ఒప్పందాల్లో ఉంచవచ్చన్న చట్టం కూడా ఉంది. అక్కడికి వెళ్లేవారు ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుందో చూసుకోవాలి. బ్రిటన్‌కు వెళ్లే భారతీయ పరిశోధకులకు ఈ రంగంలో పరిశోధనకు వీసా కన్నా ముందు ఏటాస్ అనే అనుమతి పత్రం అవసరమవుతుంది. దానికి పట్టే వారాలను చేరే తేదీలో కలుపుకోవాలి. మరోవైపు, బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధనా నిధుల సంస్థ అరియా ఏఐ లెక్క ఖర్చును వెయ్యోవంతుకు దించే లక్ష్యంతో 4.2 కోట్ల పౌండ్ల కార్యక్రమాన్ని చేపట్టిన తర్వాత ఈ రంగానికి అక్కడ మంచి ఊపు వచ్చింది.

మన దేశంలోనే పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి ఐఐఎస్‌సీ, ఐఐటీల దారి ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌ను 2018లో ప్రవేశపెట్టినప్పుడు అది 70,000తో మొదలైంది. బెంగళూరు కంపెనీ జీతంతో పోలిస్తే ఇది తక్కువేనన్నది దాచవలసిన పని లేదు, ఇంటికి డబ్బు పంపవలసిన బాధ్యత ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. సాధన సామగ్రి పరిస్థితి మాత్రం మునుపటికన్నా మెరుగైంది. ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధనా సంస్థ అయిన బెంగళూరు సీ-డాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం ద్వారా ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలా కళాశాలలకు అందుతోంది. మొహాలీలోని ప్రభుత్వ చిప్ తయారీ కేంద్రం ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్లలో చిప్ చేయించుకునే వీలుంది. 180 నానోమీటర్లంటే పాతదని తీసిపారేయవద్దు. త్రెషోల్డ్ దిగువన నడిచే సర్క్యూట్లు నేర్చుకోవడానికి అది చక్కగా సరిపోతుంది.

కంపెనీ పరిశోధనశాలలో వనరులకు కొదువ ఉండదు. ఐబీఎం జ్యూరిక్ నుంచి 2023లో వచ్చిన హెర్మెస్ చిప్‌లో 64 కోర్లున్నాయి, ఒక్కో కోర్‌లో 256 వరుసలు, 256 కాలమ్‌ల ఫేజ్-చేంజ్ అర్రే ఉంది. అంతటి చిప్‌ను ఒక విశ్వవిద్యాలయ బృందం తన సొంత వనరులతో ఊహించడం కష్టం. అయితే అంత పెద్ద పనిలో మీ వాటా ఒక ముక్క. ఏడీసీ ఒకరిది, రైటింగ్ సర్క్యూట్ మరొకరిది, కొలత ఇంకొకరిది. ఇప్పటికే పీహెచ్‌డీలో సొంతంగా ఒక చిప్‌ను మొదటి నుంచి చివరి దాకా నడిపినవారికి ఇది గొప్ప చోటు, ఎందుకంటే పక్కవాడు చేసే పనిలో ఏమి అడగాలో వారికి తెలుసు. ఆ అనుభవం లేకుండా నేరుగా చేరితే, ఎంత మంచి ముక్క చేసినా మొత్తం బొమ్మ కళ్లకు కట్టడానికి చాలా ఏళ్లు పడుతుంది.

స్టార్టప్‌లో వేగం ఉంటుంది, గడువు ఉంటుంది, డబ్బు అయిపోయే తేదీ ఉంటుంది. ఫ్లాష్ ఆధారిత అనలాగ్ చిప్‌లు చేసిన మిథిక్ 2022 నవంబరులో నిధులు నిండుకున్న స్థితికి చేరి, 2023 మార్చిలో 1.3 కోట్ల డాలర్లతో మళ్లీ నిలదొక్కుకుంది. సాంకేతికంగా పనిచేసే చిప్ ఉన్న సంస్థకే ఆ పరిస్థితి వచ్చిందంటే, ఈ రంగంలో చిప్ పనిచేయడం ఒక మెట్టు మాత్రమేనని అర్థం చేసుకోవాలి. కంపైలర్, సాఫ్ట్‌వేర్, కొనుగోలుదారు మిగిలిన మెట్లు. అందుకే స్టార్టప్‌ను తూచేటప్పుడు అనలాగ్ బృందం బలం కన్నా సాఫ్ట్‌వేర్ బృందంలో ఎందరున్నారో చూడమంటాను. పదిమంది సర్క్యూట్ డిజైనర్లకు ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్న చోట మీ చిప్ బల్ల మీదే ఉండిపోయే ప్రమాదం ఎక్కువ. షేర్ల వాగ్దానాన్ని జీతంలో భాగంగా లెక్కించకుండా, వచ్చే జీతంతోనే బతుకు సాగుతుందో లేదో చూసుకోవాలి.

నాలుగో దారిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. అది స్థిరపడిన అనలాగ్ ఉత్పత్తి సంస్థలో కన్వర్టర్ బృందం. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985 నుంచే బెంగళూరులో ఉంది. అనలాగ్ డివైసెస్ కూడా అక్కడ పెద్ద కేంద్రమే నడుపుతోంది. హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్, మైక్రాన్ వంటివి ఉన్నా అక్కడ డిజిటల్ డిజైన్, వెరిఫికేషన్ పనులదే పైచేయి. అనలాగ్ కోరుకునే మన పిల్లలు చాలామంది బెంగళూరు వెళ్లక తప్పడం లేదు. ఈ కన్వర్టర్ బృందాల్లో హోదాలో ఏఐ అన్న మాట ఉండదు. కానీ లక్షల సంఖ్యలో తయారయ్యే ఏడీసీని అన్ని ఉష్ణోగ్రతల్లో, అన్ని ప్రాసెస్ కార్నర్లలో (తయారీ తేడాల హద్దుల్లో) నిలబెట్టడం ఎలాగో నేర్పే బడి ఇంతకు మించినది లేదు. నాలుగేళ్లు ఇక్కడ సార్ ఏడీసీ చేసినవారిని ఏ పరిశోధనా బృందమైనా కళ్లకద్దుకుని తీసుకుంటుంది. పరిశోధనకు ఇప్పుడే వెళ్లాలా, తర్వాత వెళ్లాలా అని తటపటాయించేవారికి ఈ వాయిదా నష్టం కాదు.

చేరేముందు

ఇంటర్వ్యూ చివర "మీరేమైనా అడుగుతారా" అన్నప్పుడు, గడచిన మూడేళ్లలో ఆ బృందం ఎన్ని టేపవుట్లు చేసిందో, వాటిలో ఎన్ని మొదటిసారే పనిచేశాయో అడగండి. అన్నీ పనిచేశాయని చెబితే మరికాస్త లోతుగా అడగండి. ఏది ఎందుకు పనిచేయలేదో వివరంగా చెప్పే బృందాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. మీ ఒప్పందకాలంలో పడే టేపవుట్ తేదీ ఇప్పటికే బుక్ అయిందా, దానికి నిధులు మంజూరయ్యాయా, చిప్‌లో డిజిటల్ కంట్రోల్ భాగాన్ని చేసేవారు వేరే ఉన్నారా లేక అది కూడా మీ మీదే పడుతుందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. ఆ చివరిది చాలామంది మరిచిపోతారు. ఒంటరిగా అనలాగ్, డిజిటల్ రెండూ మోసిన ఏడాదిలో అనలాగ్ పనికి మిగిలే సమయం మూడోవంతు కూడా ఉండదు. వీలైతే ల్యాబ్ చూపించమనండి. బెంచి మీద సగం కొలిచిన బోర్డు, పక్కన చేతిరాతతో నిండిన నోట్‌బుక్ ఉంటే అది పని జరుగుతున్న చోటు.

నిర్ణయం ఇంకా తేలకపోతే, ఉద్యోగం మారకుండానే పరీక్షించుకునే దారి ఒకటుంది. స్కైవాటర్ ఫౌండ్రీ 130 నానోమీటర్ల పీడీకే (డిజైన్‌కు కావలసిన ఫైళ్ల కిట్) 2020 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. ఎక్స్‌స్కెమ్‌లో గీసి, ఎన్‌జీస్పైస్‌లో నడిపి, మ్యాజిక్‌లో లేఅవుట్ చేయవచ్చు, లైసెన్స్ అక్కర్లేదు. పదహారు వరుసల చార్జ్ పద్ధతి కాలమ్ ఒకటి, దానికి 5 బిట్ల సార్ ఏడీసీ ఒకటి చేయండి. మాంటే కార్లో (యాదృచ్ఛిక తేడాలతో పదేపదే చేసే సిమ్యులేషన్) నడిపి తప్పుల వ్యాప్తి చూడండి. లేఅవుట్ నుంచి తీగల రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ తీసి మళ్లీ నడిపితే మొదటి ఫలితాలు ఎంత చెడ్డాయో చూడండి. రెండు మూడు నెలల సాయంత్రాలు పడుతుంది. ఆ చెడిపోవడానికి కారణం వెతుకుతూ రాత్రి ఎంత గడిచిందో గమనించలేదంటే విశ్వవిద్యాలయం, లేదా చిప్‌ను చివరిదాకా మీకే అప్పగించే చిన్న బృందం మీకు సరైన చోటు. కాలమ్ కన్నా ఏడీసీ మీదే మనసు నిలిచిందంటే బెంగళూరు కన్వర్టర్ బృందానికి ముందు దరఖాస్తు చేయండి. సర్క్యూట్ కన్నా, ఆ తప్పులను నెట్‌వర్క్ ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్నే మిమ్మల్ని లాగిందంటే, ఫేజ్-చేంజ్ లేదా రెసిస్టివ్ మెమరీ మీద పనిచేసే కంపెనీ పరిశోధనశాలను చూడండి. ఐబీఎం ఉచితంగా ఇచ్చిన అనలాగ్ హార్డ్‌వేర్ సిమ్యులేషన్ కిట్‌తో ఆ పని ఇంట్లోనే మొదలుపెట్టి, దరఖాస్తుతో పాటు ఫలితాలు జతచేయవచ్చు.

రెండు ఆఫర్లు సరిసమానంగా కనిపించి, ఒకదానిలో ఒప్పందం రెండేళ్లు, మరోదానిలో మూడేళ్లు అయితే, జీతంలో కొంత తేడా ఉన్నా మూడేళ్లదే తీసుకోండి. ఆ మూడో ఏడాదిలోనే మీరు సరిదిద్దిన రెండో చిప్ మీ బెంచి మీదికి వస్తుంది.